టోల్ గేటు గోడ చెప్పిన చప్పుడు

మాడుగులపల్లి టోల్ గేటు దగ్గర బండి నెమ్మదించగానే మొదటిసారి వినిపించింది. సర్... సర్... సర్... వరికోతలప్పుడు గట్టు మీద కూర్చొని కొడవలి నూరుతుంటే వచ్చే చప్పుడు. అంత మెత్తగా, అంతే క్రమంగా. ఏసీ ఆపి అద్దం దించాను. గేటు దాటి కాస్త వేగం అందుకోగానే మాయమైంది.

పక్క సీట్లో మా ఇంటామె. "ఏంది, టైర్ల ఏమన్న ఇరుక్కుందా?" అన్నది.

"ఏమో, ఇంటికి పొయ్యి చూస్త" అన్నాను.

ఇంటికి వెళ్లి టార్చి వేసి నాలుగు టైర్లూ చూశాను. టైరు గాడుల్లో చిన్నచిన్న కంకర ముక్కలు తప్ప ఏమీ లేవు. వాటిని స్క్రూడ్రైవర్‌తో తీసేశాను. తెల్లారి డ్యూటీకి బయలుదేరితే మా గల్లీ మలుపు దగ్గరే మళ్లీ సర్... సర్...

నేను మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ఇరవై ఆరేళ్లుగా మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఇల్లు నల్లగొండలో. రోజూ తిప్పర్తి, మాడుగులపల్లి, వేములపల్లి మీదుగా వెళ్లి వస్తాను. మిల్లులో నా పనిలో సగం వినడమే. ఎలివేటర్ బెల్టు పక్కకు జరిగినా, వడ్ల పొట్టు తీసే షెల్లర్ రబ్బరు అరిగినా, పాలిషర్ షాఫ్టు బేరింగ్ పోవడానికి సిద్ధమైనా కంటికంటే ముందు చెవికే తెలుస్తుంది. నాకు పని నేర్పిన ఉస్తాద్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ప్లమ్మర్ బ్లాక్ (బేరింగ్ కూర్చునే ఇనుప దిమ్మె) మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు పెట్టుకునేవాడు. "గాలిల విన్నది నమ్మకు. ఎముకతోని విను" అనేవాడు. గాలిలో చప్పుడు గోడలకు తగిలి తిరిగి వస్తుంది, ఎటునుంచి వచ్చిందో తెలియదు. లోహం గుండా వచ్చే చప్పుడు మాత్రం తన చోటు తానే చెబుతుంది. అలాంటి ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాణ్ని, నా సొంత బండి చప్పుడు దొరకబట్టడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల సంగతి రాసిపెడితే ఇలాంటి బండి ఉన్న వేరేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

బండి స్ట్రాంగ్ హైబ్రిడ్. కొని రెండున్నరేళ్లు. పేరు రాయను. చివరిదాకా చదివితే ఇది కంపెనీ తప్పు కాదని మీకే తెలుస్తుంది. 2022లో టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, హోండా సిటీలో హైబ్రిడ్ వచ్చాక ఈ మాట మన దగ్గర బాగా వినిపించడం మొదలైంది కానీ, టొయోటా ప్రియస్ పేరుతో జపాన్‌లో ఇలాంటి బండి 1997 డిసెంబరులోనే అమ్మకానికి వచ్చింది. ఇందులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది. నెమ్మదిగా పోయేటప్పుడు బ్యాటరీలో చార్జింగ్ ఉంటే ఇంజన్ ఆగిపోయి ఒక్క మోటారే బండిని లాగుతుంది.

అసలు తేడా అక్కడే ఉంది. దీనికి ముందు నాకు డీజిల్ బండి ఉండేది. దాని ఇంజన్ మోతలో చక్రం దగ్గర ఏం గీసుకున్నా వినపడేది కాదు. హైబ్రిడ్‌లో పది, పదిహేను కిలోమీటర్ల వేగంలో ఇంజన్ లేదు, గాలి మోత లేదు, టైరు మోత కూడా తక్కువ. డీజిల్ బండిలో కూడా ఉండి ఉండే చిన్న గీరుడు ఇందులో గుళ్లో గంటలా వినిపిస్తుంది. కొత్త బండి తీసుకున్న మా బామ్మర్ది మొదటి వారంలోనే నాకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. "బావా, గిది గర్రుమంటుంది, గది ఝుమ్మంటుంది" అని. వాటిలో ఒక్కటి కూడా జబ్బు కాదు.

ఆ జబ్బు కాని చప్పుళ్లను ముందు పక్కకు తీసిపెట్టాలి. నెమ్మదిగా కదిలేటప్పుడు, రివర్సులో ఒక సన్నటి ఝుంకారం వస్తుంది. అది కావాలని పెట్టినది. చప్పుడు లేకుండా వచ్చే బండిని నడిచిపోయేవాళ్లు, ముఖ్యంగా చూపులేనివాళ్లు గుర్తించలేరు కాబట్టి బండి ముందు భాగంలో స్పీకర్ పెట్టి మోత చేయిస్తారు. దీనికి అంతర్జాతీయంగా ఐక్యరాజ్యసమితి నియమం 138 ఉంది. దాని ప్రకారం గంటకు ఇరవై కిలోమీటర్ల దాకా, రివర్సులోనూ ఆ మోత ఉండాలి. పొద్దున్నే డ్రైవర్ తలుపు తెరవగానే లోపల ఎక్కడో "జూయ్" మని రెండు మూడు సెకన్లు వినిపిస్తుంది, అది బ్రేకు పంపు ఒత్తిడి నింపుకోవడం. బండి కదిలిన కాసేపటికి ఒక్కసారి "టుక్" మంటే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) తనను తాను పరీక్షించుకోవడం. వెనక సీటు దగ్గర ఫ్యాను తిరిగితే పెద్ద బ్యాటరీని చల్లబరచడం. వాన పడిన రాత్రి బయట నిలబెట్టి పొద్దున తీస్తే మొదటి రెండు మూడు చక్రం చుట్లలో గరగర, అది చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కు మీద రాత్రికి రాత్రి పట్టిన జంగు రాలిపోవడం.

నా బండిలో వచ్చింది వీటిలో ఏదీ కాదు. మోటారు మోత వేగాన్ని బట్టి సన్నగా పెరుగుతుంది, ఇలా ఆగి ఆగి రాదు. స్పీకర్ మోత ఒకే తీగలా ఉంటుంది. ఇది చక్రంతో పాటు తిరిగే చప్పుడు.

మొదట సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. అడ్వైజర్ కుర్రాడు నాతో పాటు ఒక రౌండు తిరిగి, "సార్, హైబ్రిడ్ బండ్లకు గట్లనే ఉంటది, ఇంజన్ చప్పుడు లేదు కదా, అన్నీ ఇనొస్తయ్" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. కానీ సగమే నిజం. వినిపించడానికి కారణం నిశ్శబ్దం కావచ్చు, పుట్టడానికి కారణం వేరే ఉంటుంది కదా. "ఒకసారి లిఫ్టు ఎక్కించు బిడ్డా" అని బతిమాలాను. ఎక్కించారు. ముందు కుడి చక్రం దగ్గర డిస్కుకూ దాని వెనక ఉండే పల్చటి రేకుకూ మధ్య కందిగింజంత కంకర ముక్క దొరికింది. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. మా వైపు రోడ్ల మీద కంకర టిప్పర్లు తిరుగుతూనే ఉంటాయి, చిప్స్ జారి పడుతూనే ఉంటాయి. ఆ ముక్కను జేబులో వేసుకొని ఇంటికి తెచ్చాను.

రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడో రోజు సాయంత్రం మాడుగులపల్లి టోల్ గేటు దగ్గర మళ్లీ సర్... సర్...

ఈసారి సర్వీస్ సెంటర్లో వేరే ఇంకొకతను చూశాడు. చక్రం చేత్తో తిప్పి, "వెనక బేరింగ్ పోయింది సార్, హబ్ మొత్తం మార్చాలె, పద్నాలుగు వేల రెండొందలు" అని కాగితం మీద రాసిచ్చాడు. హబ్ అంటే చక్రాన్ని బిగించే నడిమి భాగం. ఆ రోజు వాళ్ల ముందు ఇరవై బండ్లు ఉన్నాయి, ఒక్కోదానికి ఎంత సమయం పెట్టగలరో నాకు తెలుసు. అందుకే వాళ్లు మోసం చేశారని అనను. కానీ బేరింగ్ చప్పుడు నాకు తెలియనిది కాదు. పోయే బేరింగ్ వేగం పెరిగేకొద్దీ "ఊఊఊ" అని పెరుగుతుంది. పది కిలోమీటర్ల వేగంలో మొదలై ముప్పై దాటితే మాయమయ్యే బేరింగును నేను మిల్లులో కూడా చూడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "రెండు రోజులు టైమియ్యండి" అని వచ్చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజానికి టెన్షన్ పద్నాలుగు వేల గురించి కాదు. ఆ బండిలో మా ఇంటామె ఎక్కుతుంది, సెలవులకు వచ్చినప్పుడు బిడ్డ, మనవరాలు ఎక్కుతారు. చక్రం దగ్గర ఏదో గీసుకుంటోంది, అదేమిటో నాకు తెలియదు. తప్పు సామాను మార్చి, చప్పుడు అలాగే ఉంటే? పొద్దున లేచి, మిల్లులో మిషన్ ఆగితే ఎలా పట్టుకుంటానో అలాగే పట్టుకుందామని నోట్‌బుక్ తీశాను.

మొదటి పని, చప్పుడు చక్రానిదేనా అని తేల్చుకోవడం. ముందు టైరు మీద చాక్‌పీసుతో గీత గీసి, వాకిట్లో బండిని ఒక చుట్టు తిరిగేదాకా కదిలించి, టేపు పెట్టి కొలిచాను. ఒక చుట్టుకు 2.1 మీటర్లు. గంటకు పది కిలోమీటర్లంటే సెకనుకు 2.78 మీటర్లు. అంటే పది సెకన్లలో చక్రం పదమూడు చుట్లు తిరగాలి. మిల్లు కాంపౌండ్‌లో స్పీడోమీటరు ముల్లు పది మీద నిలిపి, ఫోన్‌లో రికార్డు చేసి, రాత్రి ఇంట్లో కూర్చొని లెక్కపెట్టాను. పది సెకన్లకు పదమూడు. ఒకసారి పద్నాలుగు వచ్చింది, మళ్లీ లెక్కిస్తే పదమూడే. చుట్టుకు ఒక్కసారి. అంటే చక్రం, డిస్కు, హబ్ వీటిలోనే ఏదో ఒక చోట తగులుతోంది. మోటారు, గేర్లు అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతాయి కాబట్టి అవి లెక్కలో లేవు. ముందు చక్రాలను తిప్పే ఇరుసు కీలు, అంటే సీవీ జాయింట్ అయితే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టకటకలాడుతుంది, అదీ లేదు.

రెండో పని, ఏ చక్రమో తెలుసుకోవడం. ఇక్కడే టోల్ గేటు నాకు దారి చూపింది. రెండు వారాలుగా ఆ చప్పుడు మాడుగులపల్లి దగ్గరే ఎందుకు గట్టిగా వినిపిస్తోంది? అక్కడ నెమ్మదిస్తాం కాబట్టి అనుకున్నాను. కానీ నెమ్మదించే చోట్లు దారిలో ఇంకా ఉన్నాయి, అక్కడ ఇంత వినిపించదు. టోల్ గేటు దగ్గర బండికి రెండు పక్కలా సిమెంటు దిమ్మెలు, బూతు గోడలు ఉంటాయి. చప్పుడు వాటికి తగిలి నేరుగా చెవిలోకి వస్తుంది. ఉస్తాద్ గాలిని నమ్మొద్దన్నాడు కానీ, గోడ పక్కన పెట్టుకుంటే గాలి కూడా నిజం చెబుతుందని అప్పుడు తట్టింది.

మా మిల్లు ప్రహరీ రెండు వందల అడుగులు ఉంటుంది. ఆదివారం పొద్దున హమాలీలు రాకముందు, వాచ్‌మన్ కాకాను వెంట పెట్టుకొని గోడకు నాలుగడుగుల దూరంలో పది కిలోమీటర్ల వేగంతో నడిపాను. మొదట కుడి పక్క గోడ. అద్దాలన్నీ దించాను. సర్... సర్... దూరంగా ఉంది, ఎక్కడో అవతలి పక్క. తర్వాత తిరిగి వస్తూ ఎడమ పక్క గోడ. ఎడమ వెనక సీట్లో కూర్చున్న కాకా తల బయటికి పెట్టి, "సార్, గిదే! నా సీటు కిందనే!" అని అరిచాడు. ముందు కూర్చున్న నాకేమో అది ముందు చక్రం దగ్గరే ఉన్నట్టు అనిపిస్తోంది. బండి లోపల కూర్చొని చప్పుడు చోటు చెప్పడం అంత నమ్మకం లేని పని. కాకా చెవికి ఎడమ వెనక చక్రం. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

మూడోది నాకు చాలా నచ్చిన పరీక్ష. హైబ్రిడ్‌లో బ్రేకు పెడల్ తొక్కితే మొదట పనిచేసేది డిస్కును రెండు పక్కలా నొక్కే బ్రేకు ప్యాడ్లు కావు. మోటారే తలకిందులై జనరేటర్ అవుతుంది. బండి ఊపును కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది, ఆ పనిలో బండి నెమ్మదిస్తుంది. ప్యాడ్లు డిస్కును పట్టుకునేది చివర్లో, వేగం పది కిలోమీటర్లకు అటూ ఇటూ పడిపోయాక. లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు. నా చప్పుడు సరిగ్గా ఆ చివరి వేగంలోనే పెరుగుతోంది. అనుమానం తేల్చుకోవడానికి వేములపల్లి దగ్గర కాలువ కట్ట పక్క రోడ్డు మీద, వెనకా ముందూ ఎవరూ లేనప్పుడు, ముప్పైలో వెళ్తూ గేరు డీ (డ్రైవ్)లోనే ఉంచి మెల్లగా బ్రేకు వేశాను. పది దాకా ఏమీ లేదు, ఆ తర్వాత సర్... మళ్లీ ముప్పైకి తెచ్చి, గేరును ఎన్ (న్యూట్రల్)లో పెట్టి అంతే మెల్లగా బ్రేకు వేశాను. ఎన్‌లో మోటారు కరెంటు తయారు చేయదు, బ్రేకు భారమంతా ప్యాడ్ల మీదే పడుతుంది. ముప్పై నుంచే మొదలైంది. సర్‌సర్‌సర్‌సర్ అని దగ్గరదగ్గరగా, ఆగేదాకా. రోడ్డు పక్కన బండి ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. అదే వేగంలో ఎన్‌లో వచ్చి డీలో రాకపోతే అది బేరింగ్ కాదు. బేరింగుకు గేరు ఏదైతేనేం?

ఇది ఖాళీ రోడ్డు మీద ఒకటి రెండుసార్లు చూసుకోవడానికే. ట్రాఫిక్‌లో ఎన్‌లో నడపొద్దు, ఎక్కువసేపు ఎన్‌లో ఉంచొద్దు. అందులో పెద్ద బ్యాటరీ చార్జి కాదు.

నాలుగోది ఉష్ణోగ్రత. మిల్లులో బేరింగుల వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంటుంది, తుపాకీలా పట్టుకొని మీట నొక్కితే అంకె చూపిస్తుంది. వేములపల్లి నుంచి మిర్యాలగూడ దాకా నడిపి, ఎక్కువ బ్రేకు వేయకుండా ఆపి, నాలుగు చక్రాల సందుల్లోంచి డిస్కుల మీద కొట్టి చూశాను. ముందు రెండూ 48, 47 డిగ్రీలు. వెనక కుడి 41. వెనక ఎడమ 92. మళ్లీ కొట్టాను, 91. అంటే పెడల్ వదిలినా ఆ ఒక్క చక్రం దగ్గర ప్యాడ్ డిస్కును వదలడం లేదు.

ఇక విప్పి చూడడమే మిగిలింది. ఒక మాట గట్టిగా చెప్పాలి. హైబ్రిడ్ బ్రేకులను ఇంటి దగ్గర విప్పకండి. ఇరవై ఆరేళ్లు మిషన్లతో ఉన్న నేను కూడా విప్పలేదు. కారణం ఆ "జూయ్" పంపే. డ్రైవర్ తలుపు తెరిస్తే చాలు, బండి ఆఫ్‌లో ఉన్నా పంపు మేల్కొని బ్రేకు లైన్లలో ఒత్తిడి నింపగలదు. ఆ సమయంలో క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పి ఉంటే లోపలి పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది, వేలు అడ్డం ఉంటే నలిగిపోతుంది. పైగా వెనక చక్రాలకు కరెంటు హ్యాండ్ బ్రేకు ఉంటుంది, దాన్ని మాన్యువల్‌లో చెప్పిన మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టాకే ముట్టుకోవాలి. నారింజ రంగు తొడుగు ఉన్న వైర్ల జోలికి అసలు పోకూడదు, వాటిలో వందల వోల్టుల కరెంటు ఉంటుంది.

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు ఒక చిన్న షెడ్డు ఉంది. ఐటీఐ చదివి, హైదరాబాద్‌లో పెద్ద వర్క్‌షాపులో హైబ్రిడ్ల మీద పనిచేసి వచ్చిన కుర్రాడిది. నోట్‌బుక్ ముందు పెట్టి మొత్తం చెప్పాను. అతను మధ్యలో ఒక్కసారి కూడా "గట్లనే ఉంటది" అనలేదు. అంకెలన్నీ చదివి, "కాకా, తొంభై రెండా? అయితే పిన్ను పట్టేసింది, సూద్దాం పా" అన్నాడు.

ముందు చక్రాలకు రెండు పక్కలా దిమ్మెలు పెట్టాడు. గేరు పీ (పార్క్)లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలి, వెనక భాగం లేపి స్టాండు మీద కూర్చోబెట్టాడు. మొదట కుడి వెనక చక్రాన్ని చేత్తో తోశాడు, నాలుగు చుట్లు తిరిగి ఆగింది. ఎడమది తోశాడు. అర చుట్టు కూడా పోలేదు, సర్... అని ఆగింది. పైనా కిందా పట్టుకొని ఊపి చూశాడు, వెంట్రుకంత కూడా ఆట లేదు. "బేరింగ్ రాయి లెక్కుంది" అన్నాడు. తర్వాత మెయింటెనెన్స్ మోడ్ పెట్టి, బండి ఆఫ్ చేసి, తలుపులు మూసి, కొంతసేపు ఆగి, చిన్న బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి పక్కకు కట్టాడు. ఆ వరుస చూస్తే నాకు కడుపు నిండింది. పని తెలిసినవాడి చేతిలో తొందర ఉండదు.

క్యాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జారుతూ ఉండాలి. బ్రేకు తొక్కితే పిస్టన్ లోపలి ప్యాడును నెడుతుంది, ఆ తోపుకు క్యాలిపర్ జరిగి బయటి ప్యాడును లాగుతుంది. వదిలితే వెనక్కి సడలుతుంది. పై పిన్ను చూపుడు వేలితో తోస్తే జారింది, గ్రీజు ఇంకా మెరుస్తోంది. కింది పిన్ను కదలలేదు. దాని రబ్బరు బూటుకు అంచున సన్నని చీలిక. పట్టుకారుతో మెలిపెడుతూ, స్ప్రే కొడుతూ పావుగంట కుస్తీ పట్టాక బయటికి వచ్చింది. చేతిలోకి తీసుకున్నాను. సగం దాకా నల్లగా గట్టిపడ్డ గ్రీజు, ఆ పైన ఎర్రటి జంగు, రెండింటి మధ్య పచ్చటి పొడి. గోటితో గీకి చూస్తే ఊక దుమ్ము. మా మిల్లు దుమ్మే. రెండున్నరేళ్లు రోజూ ఆ ఆవరణలో నిలబెట్టాను, ఆదివారం ఆదివారం నీళ్ల పైపు పెట్టి కడిగాను. దుమ్మూ నీళ్లూ ఆ చీలికలోంచి లోపలికి పోయి పిన్నును పట్టేశాయి.

లోపలి ప్యాడు ఒక కొస 5 మిల్లీమీటర్లు, ఇంకో కొస 3. బయటిది మొత్తం 8. డిస్కు లోపలి ముఖం మీద వేలు వెడల్పున జంగు పట్టీ, దాని పక్కనే గీతలు పడిన మెరుపు. ప్యాడు ఏటవాలుగా ఆనుతోంది కాబట్టి డిస్కు సగమే శుభ్రమవుతోంది. డిస్కు చుట్టులో ఒకచోట ఆ జంగు కాస్త లేచి ఉంది, అక్కడికి వచ్చినప్పుడల్లా సర్. చుట్టుకు ఒక్కసారి. పది సెకన్లకు పదమూడు.

ఆ షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని కంకర ముక్క గురించి ఆలోచించాను. అది దొరికినప్పుడు చప్పుడుకు కారణం దొరికిందనుకున్నాను. మొదటి రోజు ఫోన్‌లో తీసిన రికార్డింగు మళ్లీ విన్నాను. ఇప్పుడు తెలిసి వింటే రెండు చప్పుళ్లున్నాయి. ఒకటి సన్నగా, ఆగకుండా వచ్చే ఇనుప గీరుడు, అది కంకరది. దాని కింద మెత్తగా ఈ సర్. ఆ గీరుడు పోయాక రెండు రోజులు సర్ నా చెవికి ఆనలేదు, అంతే. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ నిలిచి ఉంటుంది. చిన్నప్పుడు బడి పిల్లలం వెళ్లి అది ఏ స్తంభం నీడో అని మండపంలో ఒక్కో స్తంభం దగ్గరా నిలబడి చెయ్యి అడ్డం పెట్టేవాళ్లం. అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు, కొన్నింటివి కలిసి ఒకటిగా కనిపిస్తాయి. ఒక్క చప్పుడుగా వినిపించేదానికి ఒక్కటే కారణం ఉండాలని నేను ఎందుకు అనుకున్నాను?

వెనక ప్యాడ్ల సెట్టు, పిన్నులు, రబ్బరు బూట్లు, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు, మజూరీ కలిపి 4,350 రూపాయలు. మామూలు చాసిస్ గ్రీజు పెట్టకూడదు, అందులోని నూనెకు ఆ రబ్బరు ఉబ్బి, పిన్ను మళ్లీ పట్టేస్తుంది. డిస్కు మార్చలేదు, మందం సరిపోయింది, జంగును ఎమరీ పేపర్‌తో రుద్దాడు. కుడి పక్క పిన్నులు బాగానే ఉన్నా వాటినీ తీయించి కొత్త గ్రీజు పెట్టించాను.

ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. హైబ్రిడ్ బండి అమ్మేటప్పుడు "బ్రేకు ప్యాడ్లు చాలాకాలం వస్తయ్ సార్" అంటారు. నిజమే, బ్రేకు పని చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి ప్యాడ్లు అరగవు. కానీ అరగకపోవడం అంటే వాడకపోవడం. వాడని డిస్కు జంగు పడుతుంది, కదలని పిన్ను పట్టేస్తుంది. మిల్లులో యాసంగి పంట ఆడించాక కొన్ని నెలలు మిషన్లు ఆగుతాయి. వానాకాలం వడ్లు వచ్చి మళ్లీ స్విచ్చి వేసిన రోజు మాకు ఎక్కువ రిపేర్లు వస్తాయి. నడిచినప్పుడు అరిగిన దానికంటే ఆగినప్పుడు బిగుసుకున్నవే ఎక్కువ. ఇంత తెలిసి కూడా బండి ప్యాడు మందం బాగుందని సర్వీసు కాగితంలో రాస్తే సంతోషపడ్డాను తప్ప, పిన్నులు తీసి చూశారా అని ఒక్కసారి కూడా అడగలేదు. మందం చూడటానికి చక్రం సందులోంచి టార్చి కొడితే సరిపోతుంది, అదీ బయటి ప్యాడుది మాత్రమే. లోపలిది 3కి వచ్చినా బయటిది 8 చూపిస్తుంది.

మీ బండి కూడా ఇలాంటిదైతే ఏడాదికోసారి నాలుగు చక్రాల క్యాలిపర్ పిన్నులూ తీయించి, తుడిపించి, గ్రీజు పెట్టించండి. అడిగితే తప్ప చేయరు, అడిగి చేయించుకోండి. దుమ్ములో తిరిగే బండి అయితే, మా మిల్లుల దగ్గర, క్రషర్ల దగ్గర ఉండేవి అయితే ఆరు నెలలకే చూపించండి. బండి కడిగాక అలాగే నిలబెట్టొద్దు. ఒక కిలోమీటరు తిప్పి, నాలుగుసార్లు బ్రేకు వేసి డిస్కులు ఆరాక పెట్టండి. నేను వారానికోసారి రోడ్డు ఖాళీగా ఉన్నచోట, అద్దంలో వెనక ఎవరూ లేరని చూసుకొని, నలభైలోంచి కాస్త గట్టిగా మూడు నాలుగుసార్లు బ్రేకు వేస్తున్నాను, ప్యాడ్లు డిస్కును తుడవాలని.

మెకానిక్ దగ్గరికి పోయినప్పుడు "చప్పుడొస్తుంది" అని మాత్రం చెప్పొద్దు. ఏ వేగంలో మొదలై ఏ వేగంలో పోతుంది, బ్రేకు తొక్కితే పెరుగుతుందా తగ్గుతుందా, స్టీరింగు తిప్పితే మారుతుందా, పొద్దున్నా సాయంత్రమా, ఇవి రాసుకొని పోండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ లేకపోతే ఆగాక చక్రానికి తగలకుండా అరచెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మిగతా మూడింటికంటే సెగ కొడితే తెలిసిపోతుంది. ఆగని సెగ, కాలిన వాసన ఉంటే ఇక పరీక్షలు వద్దు, బండి అక్కడే ఆపి మెకానిక్‌ను పిలవండి.

రిపేరైన తెల్లారి మిర్యాలగూడ నుంచి వస్తూ నాలుగు చక్రాలకూ గన్ కొట్టాను. 47, 46, 41, 43. నోట్‌బుక్‌లో రాసి కింద గీత గీశాను.

ఆ వారాంతంలో మా ఇంటామెతో కలిసి మిర్యాలగూడలో పెళ్లికి పోయి వస్తున్నాం. మాడుగులపల్లి టోల్ గేటు దగ్గర ముందు ఆరు బండ్లు. నేను అడక్కుండానే ఆమె ఏసీ ఆపి, అద్దం దించి, తల కాస్త బయటికి వంచి విన్నది. బండి మెల్లగా కదిలింది, బూతు గోడ పక్కకు వచ్చింది. స్పీకర్ ఝుంకారం, టైరు కింద ఇసుక నలిగే చప్పుడు, ముందు లారీ డ్రైవర్ రేడియో.

"ఏం లేదు" అని అద్దం ఎక్కించింది.